పుంటికూర కబ్జా కేసు

పార్కు జాగాలో కూరగాయలు వేయడమూ కబ్జా కిందికే వస్తుందని ఒక పెద్దాఫీసరు సెలవిచ్చారు. ఆ మాట చల్లారకముందే మా కాలనీ పార్కు గేటుకు కాగితం అంటించి పోయారు. మడులు తీసేయడానికి ఏడు రోజుల గడువు. ‘ఆక్రమణదారుల పేర్లు’ అన్నచోట ఖాళీ వదిలారు. లోపలికి తొంగి చూస్తే మనుషులెవరూ లేరు. పుంటికూర ఉంది, సొరపాదు ఉంది, నాలుగు వంగమొక్కలున్నాయి. అంటే నోటీసు వాటికేనన్నమాట.

నోటీసు ఇచ్చాక వాదన వినాలి కదా. విన్నారనే అనుకుందాం.

మొదట పుంటికూరను పిలిచారు.

‘‘పేరు?’’

‘‘పుంటికూర సారూ.’’

‘‘ఇక్కడ గోంగూర అని రాసుందే?’’

‘‘గుంటూరు దిక్కు గట్లంటరు.’’

‘‘రెండు పేర్లతో తిరుగుతున్నావా? ఇద్దరూ ఒకరేనని నోటరీ అఫిడవిట్ పట్రా. ఇక్కడ ఎప్పటినుంచి ఉంటున్నావు? 2020 ఆగస్టు 26కు ముందునుంచా?’’

‘‘మొలిచి నలభై దినాలైంది.’’

‘‘అయితే లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం, అదే ఎల్ఆర్ఎస్ కూడా వర్తించదు. స్వస్థలం?’’

‘‘మా పెద్దోళ్ళది ఆఫ్రికా అంటరు.’’

గుమాస్తా కలం ఆగిపోయింది. పక్కనే దర్జాగా పరుచుకున్న మెక్సికన్ గడ్డి ముసిముసిగా నవ్వింది. పేరులోనే ఊరు పెట్టుకున్నా దాన్ని మాత్రం స్వస్థలం ఎవరూ అడగరు. (మిరప పోర్చుగీసు ఓడల్లో దిగిందన్న సంగతి నేను బయటపెట్టలేదు. ఆవకాయ రోజులు దగ్గరపడుతున్నాయి, ఎందుకొచ్చిన గొడవ.)

తరవాత సొరపాదు. నేలమీద పాకితే సరిపోయేదానికి పందిరి ఎక్కింది. అంటే జీ ప్లస్ వన్. ప్లాను లేదు, పిల్లర్లు వెదురుబొంగులు. పైగా కింద నీడలో కొత్తిమీరను ఉంచుకుంది. అద్దె ఎంత, ఆస్తిపన్ను ఎవరు కడుతున్నారు? కాకరతీగ ప్రహరీ దాటి పక్కింటి వైపు చెయ్యి చాచింది. సెట్‌బ్యాక్ ఉల్లంఘన. ముల్లంగిని పైనుంచి చూసి అమాయకురాలనుకున్నారు, పీకి చూస్తే జానెడు లోతు సెల్లారు. తవ్వకానికి అనుమతి ఏదని అడిగితే తెల్లమొహం వేసింది. మునగకు ఫైర్ ఎన్‌వోసీ లేదు. గుమ్మడిపువ్వు మీద పొద్దున్నే తేనెటీగల రద్దీ. నివాస ప్రాంతంలో వ్యాపారం, ట్రేడ్ లైసెన్సు చూపలేదు.

మూలన రెండువందల లీటర్ల నీలం డ్రమ్ము కనబడింది. అందులో పది కిలోల పేడ, పది లీటర్ల గోమూత్రం, రెండేసి కిలోల బెల్లం, శనగపిండి, గుప్పెడు మట్టి. రైతులు దాన్ని జీవామృతం అంటారు. పంచనామాలో మాత్రం ‘అనుమానాస్పద ద్రవం, బుడగలు వస్తున్నది’ అని రాశారు. ఒకాయన వాసన చూసి సెలవు పెట్టాడు.

ఈ కేసులో బయటపడ్డది ఎర్ర తోటకూర ఒక్కటే. ‘‘నేను కూరనే కాదు సారూ, షో మొక్కని’’ అని ప్రమాణం చేసింది. రంగు చూశారు, నమ్మారు, ఫౌంటెన్ పక్కన చోటిచ్చారు. ఫౌంటెన్‌లో నీళ్ళు లేవు గానీ అది వేరే శాఖ. ఎవరైనా వండుకుంటే మాత్రం బెయిలు రద్దు.

కోనోకార్పస్ చెట్టుకు అసలు పిలుపే రాలేదు. డివైడర్ల పొడవునా దాన్ని నాటించిందీ సర్కారే, నాటొద్దని తరవాత చెప్పిందీ సర్కారే. అయినా ఎవరిమీదా కేసు లేదు, ఎవరి జీతమూ కోయలేదు. ఇక పార్కు నడుమ వెలిసిన సిమెంటు పుట్టగొడుగులకు అన్ని అనుమతులూ ఉన్నాయి. వాటి పక్కన ‘ఐ లవ్ మై కాలనీ’ అక్షరాలకీ ఉన్నాయి. పుట్టగొడుగు సిమెంటుదైతే సుందరీకరణ. నిజంగా మొలిస్తే కబ్జా.

మరి పచ్చదనానికి మనకు పేరు లేదా అంటే, ఉంది. 2022లో దక్షిణ కొరియాలోని జేజూలో ప్రపంచ హరిత నగర పురస్కారం హైదరాబాదుకే ఇచ్చారు, ఔటర్ రింగ్ రోడ్డు పొడవునా పెంచిన పచ్చదనానికి. మెచ్చుకోవలసిందే. ఆ పచ్చదనం బుద్ధిగా ఉంటుంది. కారు అద్దంలోంచి చూసుకుని వెళ్ళిపోవచ్చు. కోసుకెళ్ళి పప్పులో వేసుకునేవాళ్ళు ఉండరు.

మా పార్కు జాగా రెండేళ్ళ కిందట ఎలా ఉండేదో నోటీసులో లేదు. కూల్చిన ఇళ్ళ శిథిలాలు, పగిలిన కమోడ్లు, ట్యూబులైట్లు, బీరు సీసాలు. రాత్రిపూట ట్రాక్టర్లు వచ్చి పోసి పోయేవి. ఫిర్యాదు చేశాం, ఫొటోలు పంపాం, పావతి నంబర్లు వచ్చాయి. మనిషి రాలేదు. చివరికి పక్క అపార్టుమెంటు వాచ్‌మన్ భార్య గడ్డపార పట్టుకుని దిగింది. పాలమూరు వైపు వాళ్ళు. ఊళ్ళో బోరు ఎండితే ఇక్కడికి వచ్చారు. ఆమె వెనక ఒక రిటైర్డు లెక్కల మాస్టారు, ఆయన వెనక మేం పదిమందిమి. దసరానుంచి సంక్రాంతిదాకా విత్తనం వేయలేదు, గాజుపెంకులే ఏరాం. ఎర్రమట్టి, పశువుల ఎరువు, వేపపిండి చందాలతో తెచ్చాం. నీళ్ళకు వంతులు. ఎవరి వంతు తప్పినా మాస్టారు నల్లబోర్డు మీద పేరు రాసేవారు. నా పేరు మూడుసార్లు ఎక్కింది.

లేఅవుట్‌లో పది శాతం ఖాళీ జాగా వదిలి, గిఫ్టు డీడుతో మున్సిపాలిటీకి రాసివ్వాలి. మా పార్కు ఆ పది శాతమే. ఇందులోనే ఈశాన్య మూలన మొదట ఒక రేకుల గది లేచింది. తరవాత షట్టరు వచ్చింది. ఇవాళ మూడంతస్తులు, కింద మొబైల్ షాపు. మ్యాపులో ఆ మూల ఇప్పటికీ ఆకుపచ్చ రంగే. నోటీసు అంటించడానికి వచ్చినవాళ్ళు ఆ బిల్డింగు నీడలోనే జీపు ఆపుకున్నారు. గోడకు జానెడు దూరంలో నిలబడి, గేటుకు బంక రాశారు.

అయ్యా, మీకు ఆక్రమణంటే అంత మంటైతే తల తిప్పి వెనక్కి చూడాల్సింది. మడులకు షరతులు కావాలంటే ఒక కాగితం మీద రాసిస్తే పోయేది: కంచె వేయొద్దు, అమ్ముకోవద్దు, అడిగినవాళ్ళను కోసుకోనివ్వాలి, ఏటా అనుమతి తీసుకోవాలి. మొదటి మూడూ మాకు మేమే పెట్టుకున్నాం. నాలుగోది ఇవ్వాల్సింది మీరు. శిథిలాల ట్రాక్టరు నంబరు మేం రాసిస్తే కదలని మీరు, వంగమొక్కకు వారం తిరక్కుండా పోవాలని ఉత్తర్వు ఇస్తారా? సిగ్గనిపించలేదా?

‘‘రెండేండ్ల సంది చేతులు కోస్కుంట పెంకులు ఏరినం సారూ. గప్పుడు గిది కబ్జా అని ఎవ్వరనలే’’ అంది వాచ్‌మన్ భార్య. నాతో కాదు, గేటుకున్న కాగితంతో.

వంకాయలు కోసి ఇంటింటికీ పంచేసింది. పుంటికూర కట్టలు కట్టి, తెల్లారి వీధులు ఊడ్చేవాళ్ళకు ఇచ్చింది. పందిరిమీద ఒక సొరకాయను మాత్రం ముట్టుకోలేదు. అది విత్తనానికి వదిలిన కాయ. తీగమీదే ఎండి గలగలలాడేసరికి ఇంకో నెల పడుతుంది. గడువు గురువారం.