దెయ్యాలకు కొత్త కొంప

డేటా సెంటర్ అనే మాట ఇప్పుడు తెలుగునాట టీకొట్టు దాకా వచ్చింది. 15 బిలియన్ డాలర్లతో విశాఖలో డేటా సెంటర్ పెడతామని గూగుల్ 2025 అక్టోబరులో ప్రకటించాక అందరం గిగావాట్లలోనే మాట్లాడుకుంటున్నాం. నేను చెప్పబోయేది అంత ఘనమైన సంగతి కాదు. ఏ ఆఫీసులోనైనా మూడో అంతస్తులో, ఏసీ హోరు తప్ప ఇంకేమీ వినపడని గదిలో రెండు మూడేళ్లకోసారి జరిగే ఉత్సవం గురించి. దాని పేరు కొత్త క్లస్టర్, అంటే కలిసి పనిచేసే సర్వర్ల గుంపు, చేర్చడం.

అసలు వర్చువలైజేషన్ వచ్చిందే సర్వర్లు తగ్గించడానికి. ఐబీఎం మెయిన్‌ఫ్రేముల మీద 1972 నాటికే ఆ విద్య ఉంది. మామూలు ఆఫీసులకు 2000 తర్వాత వీఎంవేర్ కంపెనీ దాన్ని చేర్చింది. అంతకుముందు ఒక్కో అప్లికేషన్‌కు ఒక్కో సర్వర్. చాలావాటికి పని తక్కువ, కరెంటు ఖర్చు ఎక్కువ. ఒకే ఇనుప డబ్బాలో పదీ ఇరవై వర్చువల్ మెషీన్లు (వీఎంలు) సర్దితే డబ్బాలు తగ్గుతాయన్నారు. తగ్గాయి కూడా. తంటా ఆ తర్వాతే వచ్చింది. సర్వర్ కొనాలంటే ఇండెంటు, టెండరు, పది సంతకాలు. వీఎం పుట్టించాలంటే నాలుగు క్లిక్కులు. పుట్టించడం అంత సులువయ్యాక, తీసేయడం ఎవరి పనో ఏ సర్క్యులర్‌లోనూ రాయలేదు.

అలా ఒక శుభముహూర్తాన నోట్ ఫైల్ కదులుతుంది: ‘క్లస్టర్‌లో మెమరీ నిండినది. నాలుగు కొత్త హోస్టులు కావలెను.’

హోస్టంటే వీఎంలను మోసే ఆ ఇనుప డబ్బానే. మెమరీ దేనితో నిండిందని అడగడం మర్యాద కాదు. అయినా జాబితా తీయించి చూడండి. ‘టెస్ట్’, ‘టెస్ట్-2’, ‘టెస్ట్-ఫైనల్’, ‘టెస్ట్-ఫైనల్-కొత్తది’, ‘దీన్ని ముట్టుకోవద్దు’. చివరిదాన్ని నిజంగానే ఎవరూ ముట్టుకోలేదు. దాన్ని పెట్టిన కుర్రాడు ఉద్యోగం మారి అమెరికా వెళ్లి గ్రీన్‌కార్డు క్యూలో ఉన్నాడు. అతని వీఎంకు మాత్రం ఇక్కడ శాశ్వత నివాసం దొరికింది.

ఒక క్షణాన వీఎం ఎలా ఉందో పట్టి ఉంచే స్నాప్‌షాట్‌ను 72 గంటలకు మించి ఉంచొద్దని వీఎంవేర్ వాళ్లే చెబుతారు. మన దగ్గర అప్‌డేట్‌కు ముందు తీసిన స్నాప్‌షాట్ మూడు దీపావళులు చూసి, డిస్కు మింగుతూ నాలుగోదాని కోసం ఎదురు చూస్తుంటుంది. హాజరుపట్టీ అప్లికేషన్‌కు 16 వర్చువల్ సీపీయూలు కావాలంటారు. రెండు చాలండీ అంటే, మా సెక్షన్ అంత తీసిపోయిందా అని కోపం. అక్కర్లేని సీపీయూలు అంటగడితే, వాటన్నిటికీ కలిపి వీలు చూడలేక, పని పంచే షెడ్యూలర్ తంటాలు పడుతుంది, మెషీన్ ఇంకా నెమ్మదిస్తుంది. నెమ్మదించింది కాబట్టి ఈసారి 32 అడుగుతారు.

ఇక లైసెన్సు. 2023 నవంబరులో వీఎంవేర్‌ను బ్రాడ్‌కామ్ కొనేసింది. ఒకసారి డబ్బు కట్టి ఎల్లకాలం వాడుకునే లైసెన్సుల అమ్మకాన్ని డిసెంబరులోనే ఆపేసింది. ఇప్పుడన్నీ చందాలే, అవీ కోర్ల లెక్కన. ప్రాసెసర్‌లో 8 కోర్లే ఉన్నా 16కు కట్టాలి. 32 కోర్ల ప్రాసెసర్లు రెండేసి ఉన్న సర్వర్లు నాలుగు చేరిస్తే 256 కోర్లకు చందా. అందులో ‘టెస్ట్-2’ వాటా కూడా ఉంది. ‘దీన్ని ముట్టుకోవద్దు’ వాటా సరేసరి.

సర్వర్లు వచ్చాయి, కొబ్బరికాయ కొట్టారు, ఫొటో దిగారు. ఇప్పుడు వాటిని పాతవాటితో కలపాలి. నడుస్తున్న వీఎంను ఆపకుండా ఒక హోస్టు నుంచి ఇంకో హోస్టుకు మార్చాలంటే రెండు ప్రాసెసర్లకూ ఒకే విద్యలు వచ్చినట్టు కనిపించాలి. అందుకు ఈవీసీ అనే ఏర్పాటుంది. కొత్త ప్రాసెసర్‌కు తెలిసిన కొత్త ఇన్‌స్ట్రక్షన్లను అది వీఎంల కంట పడకుండా దాచి, క్లస్టర్‌లోని అన్నిటికన్నా పాతదాని స్థాయికి దించేస్తుంది. కొత్తగా చేరిన గుమాస్తాకు నాలుగు కొత్త పద్ధతులు తెలిసినా, ‘ఇక్కడ మేం చేసినట్టే చెయ్యవయ్యా’ అని సీనియర్లు కూర్చోబెట్టినట్టన్నమాట. ఇంటెల్‌కూ ఏఎండీకీ ఈ సర్దుబాటు కూడా కుదరదు. టెండర్‌లో తక్కువ ధర వాడెవడో చూసుకుని, లోపలి ప్రాసెసర్ ఏదో చూడకపోతే, కొత్త హోస్టులు వేరే కాపురం పెట్టాల్సిందే.

నాలుగు హోస్టులున్న క్లస్టర్‌లో ఒకటి కూలితే దాని మీది వీఎంలు మిగతా మూడింటి మీద లేవాలి. కాబట్టి నాలుగో వంతు ఖాళీగా ఉంచాలి. ఆ ఖాళీకి కాపలా కాసేది అడ్మిషన్ కంట్రోల్. చోటు చాలకపోతే కొత్త వీఎంను లేవనివ్వదు. పై అధికారి డాష్‌బోర్డు చూస్తారు. ‘25 శాతం ఖాళీగా ఉందేమిటయ్యా? ప్రజాధనం కదా!’ కిందివాడు ‘అవును సార్’ అని ఆ కాపలా తీసేస్తాడు. ఖాళీ నిండుతుంది. ఒక అర్ధరాత్రి నిజంగానే హోస్టు కూలితే, కొన్ని వీఎంలు ఎంత పిలిచినా లేవవు. మర్నాడు విచారణ సంఘం వేస్తారు. అదనపు క్లస్టర్ కొనాలని అది సిఫారసు చేస్తుంది.

మరి పాత సర్వర్లు? కొత్తవి రాగానే తీసేస్తామని నోట్ ఫైల్‌లో రాసిన మాట నిజమే. కానీ అవింకా బాగానే నడుస్తున్నాయిగా! అవి ఉన్నంతకాలం కొత్తవాటి విద్యలు మూతబడే ఉంటాయి, చందా నడుస్తూనే ఉంటుంది.

సంతకం పెట్టే పెద్దలకు ఒక మనవి. కొత్త క్లస్టర్ కావాలన్న ఫైలు వస్తే ఒక జాబితా జతచేయమనండి. ప్రతి వీఎంకూ యజమాని పేరు, ఫోన్ నంబరు, గడువు తేదీ ఉండాలి. యజమాని దొరకనివాటిని వెంటనే చెరపక్కర్లేదు. బ్యాకప్ తీసి, నెట్‌వర్క్ నుంచి విడదీసి, ఎవరు ఫోన్ చేస్తారో చూడండి. ఏడాదికోసారి మార్చిలో మాత్రమే పనిబడే లెక్కల మెషీన్లూ ఉంటాయి కాబట్టి, ఆ బ్యాకప్‌ను ఏడాది దాటేదాకా దాచండి. ఇంత చేశాక కూడా చోటు చాలకపోతే నిశ్చింతగా కొనండి. ఆ బిల్లు మన పన్నుల్లోంచో, మనం కట్టే చార్జీల్లోంచో పోయేదే. కనీసం బతికున్న మెషీన్లకే కడదాం.