‘సదుపాయము కలదు’: ఒక బోర్డుకు టీకా తాత్పర్యం

మూలం: “ఇచ్చట విద్యుత్ వాహనములకు ఛార్జింగ్ సదుపాయము కలదు.”

అవతారిక: నగరంలో ఒకానొక వాణిజ్య సముదాయం కింద, రెండో సెల్లార్‌లో, స్తంభానికి బిగించిన వాక్యమిది. కర్త అజ్ఞాతుడు. కాలం 2019 ఫిబ్రవరికి ముందు కాదని నా ఊహ. కేంద్ర గృహ, పట్టణ వ్యవహారాల శాఖ 2016 నాటి మాదిరి భవన నిబంధనలను సవరించి, విడి ఇళ్లు తప్ప తక్కిన భవనాల పార్కింగ్‌లో 20 శాతం వాహనాలకు ఛార్జింగ్ ఏర్పాటుండాలన్నది అప్పుడే.

‘మాదిరి’ దగ్గర శ్లేష ఉంది. ఢిల్లీ వారు నమూనా అనే అర్థంలో రాశారు, రాష్ట్రాలు చూసి తమ నిబంధనల్లో చేర్చుకుంటాయని. బిల్డర్లు ‘వంటిది’ అనే అర్థంలో చదువుకున్నారు. నిబంధన మాదిరిగా ఉంటుంది గానీ నిబంధన కాదు.

ప్రతిపదార్థం: ‘విద్యుత్’, ‘వాహనములకు’, ‘ఛార్జింగ్’ సుగమాలు, వదిలేస్తున్నాను. కలదు = ఉన్నది. కొందరు దీన్ని ‘కల’ దగ్గర విరుస్తారు. వ్యాకరణం ఒప్పదు, అనుభవం ఒప్పుతుంది. ఇచ్చట = ఈ చోట. ఈ చోట ఉన్నవి ఒక స్తంభం, గోడలోంచి వేలాడే రెండు తీగలు, ఒక డీజిల్ బండి.

వాచ్యార్థం పొసగనప్పుడు లక్షణను ఆశ్రయించాలి. ‘గంగలో గొల్లపల్లె’ అంటే నీళ్లలో ఇళ్లు కట్టారని కాదు, ఒడ్డున అని. అలాగే ‘సదుపాయము’ అంటే సదుపాయం తాలూకు బోర్డు. బోర్డు కలదు గనుక వాక్యం సత్యం. మరి ఒడ్డు అనకుండా గంగ అనడమెందుకంటే, పల్లెకు చల్లదనమూ పవిత్రతా అంటాలని. అది ప్రయోజనం. ఇక్కడి ప్రయోజనం ఆక్యుపెన్సీ సర్టిఫికెట్.

అక్కర్లేనిది చెప్పనని కాళిదాసు వ్యాఖ్యాత మల్లినాథసూరి ప్రతిజ్ఞ చేశాడు. నాకా నిగ్రహం లేదు. వాక్యం అర్థం కావాలంటే ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి మూడూ కావాలన్న తార్కికులు ఛార్జింగ్ గన్ ఎరగరు గానీ, ఎరిగినవాళ్లు కూడా ఇంతకంటే బాగా చెప్పలేదు. ‘ఆవు, గుర్రం, మనిషి’ అని ఊరుకుంటే వాక్యం కాదు, ఒక మాటకు ఇంకో మాట కావాలనిపించాలి. అది ఆకాంక్ష. ‘నిప్పుతో తడుపుతున్నాడు’ అంటే యోగ్యత లేదు. భారత్ డీసీ-001 గన్ పట్టుకుని సీసీఎస్-2 సాకెట్ ముందు నిలబడ్డవాడికి ఈ దోషం చప్పున బోధపడుతుంది. ‘ఆవును’ అని పొద్దున, ‘తోలుకురా’ అని సాయంత్రం అంటే సన్నిధి లేదు. కేబుల్ బారెడు, బండి నాలుగు బారల అవతల, మధ్యన ఆ డీజిల్ బండి. మీమాంసకులు ఇంకా కఠినులు. ‘చేయవలెను’ అంటేనే విధి, తక్కినది అర్థవాదం, అంటే పొగడ్త. ఈ లెక్కన ఢిల్లీ కాగితం విధి, మా స్తంభం అర్థవాదం. వారిలోనూ ప్రాభాకరులైతే ‘కలదు’ అనే మాటను గడపే తొక్కనివ్వరు. వారి మతంలో... సరే, ఆపుతాను.

ఇంతకీ ఆకాంక్ష నాదే. మొన్న రాత్రి తొమ్మిదింటికి, పక్కన అమ్మ, డాష్‌బోర్డు మీద 4 శాతం. ఈ బోర్డును నమ్ముకునే ఆ కాంప్లెక్స్‌కు వెళ్లాం. 3.3 కిలోవాట్ల మామూలు పాయింటున్నా, మా 30 యూనిట్ల బ్యాటరీ నిండడానికి తొమ్మిది గంటలు దాటుతుందని తెలుసు. నిండాలని ఎవరడిగారు? ఇల్లు చేరేంత చాలు. వాచ్‌మన్‌ను పిలిచాను.

“వైరింకా లాగలేదు సార్.”

“బోర్డు పెట్టి ఎన్నాళ్లయింది?”

“నేను చేరి రెండేళ్లు. అప్పటికే ఉంది సార్.”

పాయింట్లన్నీ ఒకేసారి నడిచినా చాలేలా, ఆ మొత్తానికి 1.25 రెట్లు అదనపు లోడు భవనానికి ఉండాలని కూడా ఆ సవరణలో ఉంది. ఒకటింబావు! ఎంత ముందుచూపు! సున్నాను ఒకటింబావుతో హెచ్చవేసి చూశాను, రెండుసార్లు.

దుర్వ్యాఖ్యల విషంతో మూర్ఛపోయిన కాళిదాసు వాక్కును బతికించడానికే తన టీకకు మల్లినాథుడు ‘సంజీవని’ అని పేరు పెట్టాడు. నా బండికి అలాంటిదేదీ దొరకలేదు. ఏసీ ఆపేశాను. అమ్మ చీరకొంగుతో విసురుకుంటూ, “పాత స్కూటరే నయంరా” అంది.

తాత్పర్యం: గేటు దగ్గర ఛార్జింగ్ జరిగింది. పార్కింగ్‌కు గంటకు నలభై చొప్పున రెండు గంటలకు ఎనభై రూపాయలు. మేమున్నది గంటా ఐదు నిమిషాలు.