పద్నాలుగు సంపుటాల అసంతృప్తి

ఒక లోకాన్ని దాని పటంతోనూ, పురాణంతోనూ, మంత్రశాస్త్రంతోనూ సహా కల్పించి సంపుటాల తరబడి నడిపే నవలా ప్రక్రియను ఎపిక్ ఫాంటసీ అంటారు. అందులో మొదటి సంపుటం చదివినవారి అభిప్రాయాలు ప్రత్యేక శాస్త్రంగా అధ్యయనం చేయదగినవి. రాబర్ట్ జోర్డన్ అనే కలంపేరుతో అమెరికన్ రచయిత జేమ్స్ ఆలివర్ రిగ్నీ 1990లో వెలువరించిన ‘ది ఐ ఆఫ్ ది వరల్డ్’ ఇందుకు చక్కని ఉదాహరణ.

సుమారు 3 లక్షల పదాల ఈ గ్రంథంపై మోపబడిన ప్రధానాభియోగం చౌర్యం. పచ్చని పల్లె, పండుగ సందడి, నల్ల అంగీ రౌతు, దారి చూపే మంత్రవేత్త, ఊరు విడిచి పలాయనం, ఇవన్నీ ఆంగ్ల రచయిత టోల్కీన్ 1954లోనే వాడేసుకున్నాడని ఫిర్యాదుదారులు జాబితా చదువుతారు. ఆ పోలిక రచయిత ఎరిగి పెట్టిందేనని అభిమానులు వాదిస్తారు కనుక, చెప్పి చేసిన దొంగతనం దొంగతనం కాదన్న కొత్త న్యాయసూత్రం వెలసింది. టోల్కీన్‌ను చదవనివారు మాత్రం ఈ వ్యాజ్యంలో ఎవరి పక్షానా చేరక హాయిగా పుస్తకం చదువుకుంటారు.

రెండవ అభియోగం నత్తనడక. ఉపోద్ఘాతంలో ఉన్మాదం పట్టి తనవారిని తానే చంపుకొన్న వీరుడొకడు, ఆ సంగతి ఎరుగక, శిథిలమైన భవనంలో భార్యను పేరు పెట్టి పిలుస్తూ తిరుగుతాడు. పుట తిప్పితే తండ్రీకొడుకులు బండిమీద ఆపిల్ మద్యం పీపాలు వేసుకుని ఊళ్లోని సత్రానికి బయలుదేరతారు. కథ ఎప్పుడు మొదలవుతుందని విసుక్కునే పాఠకుడు అప్పటికే పేజీలు దాటవేస్తుంటాడు కాబట్టి, బండి వెనకాల, చలిగాలి ఈడ్చి కొడుతున్నా అంగీ అంచైనా కదలని రౌతు అతడి కంటపడడు. (పుస్తకం మొత్తంలో భయమంటే ఇదీ అనిపించే చోటు బహుశా అదే.) ఇక ముగింపులో, వందల పుటలు తాపీగా నడిచిన కథ ఉన్నట్టుండి పరుగందుకుని చివరి పోరాటాన్ని చిటికెలో తేల్చేయడంతో, నెమ్మదని నిందించినవారే ఇంత తొందరేమిటని నిలదీస్తారు.

ఈ నవలతో మొదలైన గ్రంథమాల 14 సంపుటాలకు పెరిగింది. 2007లో జోర్డన్ మరణించగా, చివరి మూడింటిని మరో రచయిత బ్రాండన్ శాండర్సన్ పూర్తిచేశాడు, 2013లో అది ముగిసింది. మొదటి సంపుటంతోనే ప్రాణం విసిగిపోయిందని ఘాటుగా సెలవిచ్చినవారిలో కొందరు, 2003 నాటి పదో సంపుటంతో పోలిస్తే అది ఎంతో వేగంగా నడిచిందని కూడా సాధికారంగా సాక్ష్యమిస్తుంటారు.