బుజ్జి ఆగమన సన్నాహ పర్వం

దేవలోకపు కుక్కతల్లి సరమకు తొలి దండం. కుక్కలకు సారమేయులని పేరొచ్చింది ఆమె వల్లనే. నాలుగు వేదాలను నాలుగు శునకాలుగా పాదాల చెంత నిలుపుకున్న దత్తాత్రేయుడికి మలి దండం. వెంట నడిచిన కుక్కను గుమ్మం బయట వదిలి స్వర్గంలోకి రానని ఇంద్రుడి ముఖం మీదే చెప్పిన ధర్మరాజుకు మూడో దండం. ఇష్టదేవతా ప్రార్థన అయిపోయింది, ఇక కథ. మా ఇంటికి కుక్క వస్తోంది.

ఇదీ ఒక విషయమేనా అని పెదవి విరిచేవారు పేజీ తిప్పేయవచ్చు. నలభై ఏడేళ్ల నా జీవితంలో ఏ నాలుగుకాళ్ల ప్రాణికీ ముద్ద పెట్టి ఎరగను. గోడ మీది బల్లితో తప్ప జంతులోకంతో నాకు దౌత్య సంబంధాలు లేవు. అలాంటివాడికి, కార్తీకం వెళ్లి మార్గశిరం అడుగుపెట్టిన ఒక రాత్రి, జహీరాబాద్ మిత్రుడు ఫోన్ చేశాడు. చెరకు తోట పరిశ్రమలకు పోయిందట. తాను పట్నంలో ఫ్లాటుకు మారుతున్నాడట. తోటలో అడవిపందులను తరిమిన ఆడకుక్కకు ఒక ఇల్లు కావాలట. "నువ్వు తీస్కపో అన్నా. పైలంగ సూస్కో," అన్నాడు. చివరి మాట దగ్గర గొంతు కొంచెం గీరుకుపోయింది. సరేనన్నాను. పదమూడు రోజుల గడువు.

ఇక నాయికా వర్ణన. జాతి ముధోల్. పల్లెల్లో కర్వానీ అంటారు, పుస్తకాల్లో కారవాన్ హౌండ్. సీమ గ్రేహౌండ్‌లాగే కంటితో వేటాడే కోవ, అదే అచ్చులో పోసిన ఒళ్లు. మిత్రుడు పంపిన ఫొటో చూశాను. అహో, ఆ నడుము! నాయికకు నడుమున్నదా లేదా అని మన ప్రబంధకవులు తరతరాలుగా పడిన సందేహమంతా ఈ కుక్క కోసం దాచిపెట్టాల్సింది. ఎక్కుపెట్టిన విల్లులాంటి వీపు, పడవ అడుగులా దిగిన రొమ్ము, ఆ రొమ్ము గుహలో ఒంటికి మించిన గుండె, రెల్లుకాడల కాళ్లు, కాటుక దిద్దినట్టున్న కళ్లు, ఆ కళ్లలో తోట పోయిన సంగతి ముందే తెలిసినట్టున్న ఒక దిగులు! పరుగందుకుంటే ఒక్క అంగలో రెండుసార్లు నాలుగు పాదాలూ నేల విడుస్తాయట. గ్రేహౌండ్ అయితే గంటకు 70 కిలోమీటర్ల దాకా అందుకుంటుంది. సాయంత్రం ఆరింటి ట్రాఫిక్‌లో మా ముత్తంగి దగ్గర ఏ కారుకూ దక్కని వేగమది.

వంశమూ సామాన్యం కాదు. బేడర్ తెగవాళ్ల దగ్గర ఈ వేటకుక్కలను చూసి మనసు పారేసుకున్న ముధోల్ సంస్థానాధిపతి మాలోజీరావు ఘోర్పడే వీటిని పెంచి, ఒక జంటను ఐదో జార్జి చక్రవర్తికి కానుకగా ఇచ్చాడు. 2005లో ఈ జాతి తపాలా బిళ్ల మీదికెక్కింది. తర్వాత సైన్యం కొన్నింటిని మీరట్‌కు పిలిపించుకుని శిక్షణ ఇచ్చింది. మా వంశంలో తపాలా బిళ్ల మీదికెక్కినవారు లేరు. బిళ్లలు అంటించిన గుమాస్తా ఒకడున్నాడు.

నగర వర్ణన లేనిది ప్రబంధం కాదు గనుక మా ఇస్నాపూర్ గురించి నాలుగు ముక్కలు. పక్కనే పాశమైలారం; పొగగొట్టాలే గోపురాలు, షిఫ్టు సైరనే పాంచజన్యం. ముందు 65వ నంబరు జాతీయ రహదారి. దాని మీద రాత్రింబవళ్లు ఘీంకరించే కంటైనర్ లారీలు మా మదగజాలు. తెల్లవారకముందే ఏ షిఫ్టు బస్సులు బయల్దేరితే ఒడియా, భోజ్‌పురి, తెలుగు భాషలు ఒకే కిటికీలోంచి ఆవులిస్తాయి. సముద్ర వర్ణన కూడా చేయాలి, కానీ మాకు సముద్రం లేదు. నక్కవాగు ఉంది. దాని రంగును వర్ణించే సాహసం చేయను.

మహారాణి రాకను పురజనులకు ముందుగా చాటాలి కదా! చౌరస్తాలోని చాయ్ హోటల్‌కు వెళ్లాను. ముధోల్ అంటే ఎవరికి తెలుస్తుందిలే అని, తేలిగ్గా ఉంటుందనుకుని, "వచ్చే ఆదివారం మా ఇంటికి గ్రేహౌండ్ వస్తోంది," అన్నాను. అంతే. మూరెడు ఎత్తు నుంచి గ్లాసులోకి దూకుతున్న చాయ్ ధార, శివుడి జటాజూటంలో చిక్కిన గంగలా, ఎక్కడిదక్కడ ఆగిపోయింది. 1989లో నక్సలైట్ల వేటకు పోలీసులు పెట్టిన దళం పేరది. మా నేల మీద ఆ మాటకు తోక ఉండదు, తుపాకీ ఉంటుంది.

"ఒక్కడే వస్తుండా సారూ, పార్టీ మొత్తం వస్తుందా?" హోటలాయన గొంతు తగ్గించాడు.

"ఒకటే."

"గంత కేసేముంది సారూ నీ మీద?"

"కేసేం లేదు. పెంచుకోవడానికి."

పక్క బల్ల మీది ఇద్దరు బీ షిఫ్టువాళ్లు చాయ్ సగంలో వదిలి లేచారు. నేను హడావుడిగా ఫోన్ తీసి ఫొటో చూపించాను. హోటలాయన అటు తిప్పి ఇటు తిప్పి చూసి, గుండెల నిండా ఊపిరి తీసుకుని, "అగో, కుక్కనా! గింత సన్నగుందేంది? ఎముకలు లెక్కవెట్టొచ్చు. తిండి వెట్టలేదా పాపం?" అన్నాడు. ఈ ప్రశ్నను కాస్త గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు కవచ నిర్మాణ ఘట్టం. ఈ జాతికి తోలు పల్చన, వెంట్రుక పొట్టి, ఒంట్లో కొవ్వు పేరుకే. మా జిల్లాలోనేమో కోహీర్ ఉంది. చలికాలం వస్తే అక్కడ ఉష్ణోగ్రత ఒంటి అంకెకు దిగిందని పేపర్లో చదువుతూనే ఉంటాం. అందుకని తాతల నాటి నల్ల గొంగడిని అటక మీది నుంచి దింపి, దులిపి, భుజాన వేసుకుని పటాన్‌చెరు దర్జీ దగ్గరికి బయల్దేరాను. కర్ణుడి దగ్గరికి కవచం కోసం వెళ్లిన ఇంద్రుడు కూడా అంత ఠీవిగా నడిచి ఉండడు.

దర్జీ పెద్దాయన కళ్లద్దాలు సర్దుకుని, చెవి మీది పెన్సిల్ తీసి, "కొలతలు చెప్పు సారూ," అన్నాడు. మిత్రుడు ఫోన్‌లో పంపిన చీటీ గంభీరంగా చదివాను.

"ఛాతీ 28. నడుము 19."

పెన్సిల్ ఆగింది. "ఆడపిల్లనా?"

"ఆడదే. వీపు 26. మెడ 14. చేతులు నాలుగు."

"జతలా?"

"కాదు, మొత్తం నాలుగు."

దర్జీ కళ్లద్దాలు తీశాడు. పంచె కొంగుతో తుడిచాడు. మళ్లీ పెట్టుకున్నాడు. పక్కన కాజాలు కుడుతున్న కుర్రాడి సూది గాల్లో నిలిచింది. ఎదురు కొట్లో తూకం వేస్తున్న ఉల్లిగడ్డలు కూడా క్షణం పాటు తమ బరువు మరిచిపోయి ఉంటాయి. అసలు సంగతి చెప్పాను. ఆయన నవ్వలేదు. నలభై ఏళ్ల కత్తెర పనితనం ఆయన ముఖంలోకి రక్తంలా ఎక్కింది. గొంగడిని బల్ల మీద పరిచి, అరచేత్తో నిమిరి, "ఇది గీరుకుంటది. తోలు పల్చన అంటున్నవ్, లోపల ఫ్లానల్ అస్తర్ ఎయ్యాలె," అని తీర్పు చెప్పాడు. గుండీలు ఎటువైపు అన్న దాని మీద మహాసభ నడిచింది. పొట్ట కింద పెడితే పడుకున్నప్పుడు గుచ్చుకుంటాయని నేను, వీపు మీద పెడితే చలిగాలి దూరుతుందని ఆయన, పక్కకు పెట్టొచ్చు కదా అని కాజాల కుర్రాడు. కుర్రాడే గెలిచాడు. ఆపైన సుద్దముక్క మెరిసింది, కత్తెర గర్జించింది, నల్ల గొంగడి కాలమేఘంలా రెండుగా చీలింది. లేచి వస్తుంటే వెనక నుంచి కేక: "జేబు పెట్టాల్నా సారూ?"

మెడపట్టీ కథ చిన్నది గానీ వదలరాదు. ఈ జాతికి తలకన్నా మెడే లావు. మామూలు పట్టీ కడితే ఒక్కసారి వెనక్కి లాగి, అల్లుడు అత్తారింటి నుంచి జారుకున్నంత నున్నగా జారుకుంటుంది. అందుకని రెండు వేళ్ల వెడల్పున, లాగినకొద్దీ బిగిసే పట్టీ కావాలి. బస్టాండు పక్కన చెప్పులు కుట్టే పెద్దమనిషి అరగంటలో కుట్టిచ్చాడు. ఇక పశువుల డాక్టరు రేబిస్ సూది, తొమ్మిది రోగాల సూది ఎప్పుడెప్పుడో రాసిచ్చి, రేపెప్పుడైనా ఆపరేషన్ అవసరమైతే ఇది బక్కజాతి అని మత్తిచ్చేముందే చెప్పండి, కొన్ని మందులకు ఇవి ఆలస్యంగా తేరుకుంటాయి అన్నాడు. అది పుస్తకంలో రాసుకున్నాను.

దుర్గ పరీక్షకు వచ్చింది మా అమ్మాయి. ప్రహరీ టేపుతో కొలిచి, నాలుగున్నర అడుగులే అని, దీన్ని ముధోల్ దూకదు, కేవలం దాటుతుంది అంది. ఇంకో అడుగున్నర ఇనుప జాలీ లేచింది. జాలీ చూసి పక్కింటి కోళ్ల యజమానురాలు వచ్చింది. చేతిలో చీపురు. "మా కోళ్ల గతేంది చెప్పుర్రి ముందుగాల," అని గేటు దగ్గర నిలబడింది. కదిలేదాని వెంట పడటం ఈ జాతి రక్తంలోనే ఉంది, దాచి లాభం లేదు. సంధి కుదిరింది: పొద్దున ఆరు నుంచి ఏడు, సాయంత్రం ఆరు నుంచి ఏడు కోళ్లు గంప కింద, మిగతా వేళల్లో కుక్క గేటు లోపల, తాడు లేకుండా గల్లీలోకి వదలడం ఏ వేళా లేదు. చెట్టు మీది ఉడతను ఈ సంధిలో ఎవరూ సంప్రదించలేదు.

అన్నిటికన్నా భీకర సంగ్రామం ఇంట్లో జరిగింది. కొవ్వు లేని ఒళ్లు కాబట్టి గచ్చు మీద పడుకుంటే మోచేతులు ఒరుసుకుని పుండ్లు పడతాయి. మెత్తటి పరుపు కావాలి. ఇంట్లో మెత్తటి పరుపు ఒక్కటే, మా పెళ్లినాటి బూరుగుదూదిది. "పాతికేళ్లలో మీ నడుం నొప్పికే బయటికి తీయలేదు దాన్ని," అంది మా ఆవిడ. గరిట నేల మీద పడిన చప్పుడు, ఆ తర్వాత మూడు రోజుల మౌనం. కురుక్షేత్రం పద్దెనిమిది రోజుల్లో ముగిసింది గానీ దానిలో మౌనం లేదు. మౌనముంటే ఇంకా సాగేది. నాలుగోనాడు పరుపు మేడ మీద ఎండలో కనిపించింది. ఎవరు వేశారో నేనడగలేదు.

పేరు విషయంలో మాత్రం ఇల్లంతా ఒక్కటైంది. వాయువేగ, విద్యుల్లత, మంజీర... పన్నెండు పేర్ల జాబితా ఫోన్‌లో వినిపించాను. మిత్రుడు ఓపిగ్గా విని, "దాని పేరు బుజ్జి అన్నా," అన్నాడు.

ఆదివారం వచ్చింది. తొమ్మిదింటికి తెల్ల బొలెరో, దుమ్ము ధ్వజమెత్తి, గల్లీ మలుపు తిరిగింది. వెంటనే మా వీధికుక్కల అక్షౌహిణి కదిలింది. తెగిన చెవి ఎర్రకుక్క సేనాపతి, దాని వెనక పదాతులు, చెత్తకుప్ప మీది నుంచి ధనుర్ధరుల్లాంటి కుక్కపిల్లలు; మొరుగు దిక్కులకు తగిలి తిరిగొచ్చింది. తలుపు తెరుచుకుంది. అడవిపందులను తరిమిన వీరాంగన, తపాలా బిళ్ల మీదికెక్కిన వంశపు ఆడపడుచు, చక్రవర్తికి కానుకగా వెళ్లిన జాతి బిడ్డ కిందికి దిగి, ఆ సేనను ఒక్కసారి చూసి, చకచకా నడిచి వెళ్లి మా ఆవిడ చీర చాటున దూరింది. దూరి ఊరుకోలేదు. ఆమె మోకాలికి ఒళ్లంతా ఆనించి, కళ్లు మూసుకుని, గోడకు ఒరిగిన నిచ్చెనలా ఒరిగిపోయింది.

మా ఆవిడ కదల్లేదు. కదిలితే అది పడిపోతుంది మరి.

"వణుకుతోంది. ఆ గొంగడి కోటు తెండి," అంది.

కోటు సరిగ్గా సరిపోయింది. జేబు కూడా ఉంది, నేను అడగలేదు. మిత్రుడు బొలెరో వెనక్కి తిప్పుకుని, అద్దం దించకుండా వెళ్లిపోయాడు. బుజ్జి బూరుగుదూది పరుపు మీద మూడు చుట్లు తిరిగి, వెల్లకిలా పడి, నాలుగు కాళ్లూ కప్పుకేసి ఎత్తి నిద్రపోయింది. పదకొండింటికి చాయ్ హోటలాయన చూడవచ్చాడు, చేతిలో ఉస్మానియా బిస్కెట్ల పొట్లం. మధ్యాహ్నం దర్జీ, చేతిలో బ్రెడ్డు. రెండింటికి బీ షిఫ్టు సైరన్ మోగింది. బుజ్జి చెవి కూడా కదలలేదు. సాయంత్రం కోళ్ల యజమానురాలు, గిన్నెలో నిన్నటి బగారన్నం.

ఇస్నాపూర్ వచ్చేవారికి మనవి. బుజ్జిని చూడటానికి రండి, ఉత్త చేతులతో రండి. వెనకవైపు రెండు మూడు పక్కటెముకలు కనిపించడం ఆ జాతికి ఆరోగ్యం. మేం తిండి పెడుతున్నాం.