ముందే చెప్పానుగా!

ఆట తెలిసినవాణ్నన్న పేరు కోసం నేను చేసిన తెలివితక్కువ పని ఒకటి మీకు చెప్పుకోవాలి. మీరైతే క్షమిస్తారు. తుళ్లూరు టీకొట్టు దగ్గర స్నూకర్ మాట ఎత్తేది నేనొక్కణ్నే. పదిహేను ఎర్రబంతులు, ఆరు రంగుబంతులు, అత్యధిక బ్రేక్ 147 అని గడగడా చెప్పగలిగితే చాలు, పండితుడి కింద లెక్క.

2016 జులైలో ఇండియన్ ఓపెన్ హైదరాబాద్‌లో జరిగింది. ఫైనల్లో ఇంగ్లండ్ కైరెన్ విల్సన్, స్కాట్లండ్ ఆంథొనీ మెక్‌గిల్. విల్సన్ అంతకు ముందు ఏడాదే షాంఘై మాస్టర్స్ కొట్టాడు. మెక్‌గిల్‌కి ఒక్క ర్యాంకింగ్ టైటిలూ లేదు. ఇంకేం, "మెక్‌గిల్ గెలిస్తే మీసం తీయించుకుంటా" అన్నాను. ఎవరూ అడగలేదు. అయినా అన్నాను, గొంతు పెంచి మళ్లీ అన్నాను, కృష్ణ అవతలి ఒడ్డుకి వినపడేట్టు అన్నాను. మెక్‌గిల్ 5-2తో గెలిచేశాడు, కుర్రాళ్లు "పద బాబాయ్" అంటూ రెక్క పట్టుకున్నారు, మంగలి షాపు తెరిచే ఉంది, కత్తెర్ల చప్పుడు వినేలోపే మీసం పోయింది!

అన్నీ ముందే తెలిసినవాళ్లం అనిపించుకోవాలనే ఈ జబ్బు మనందరికీ ఉన్నదే. గుంటూరు యార్డులో మిర్చి ధర ఎగిశాక "నేను ముందే అనుకున్నా" అననివాణ్ని ఒక్కణ్ని చూపించండి.

మెక్‌గిల్ గురించి ఆ తర్వాత కూర్చుని చదివాను. 2015 ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో, అప్పటి ఛాంపియన్ మార్క్ సెల్బీని 13-9తో ఇంటికి పంపింది ఇతనే! నాకు తెలియకపోతే అతని గెలుపు సంచలనం ఎలా అవుతుంది? ఇలాంటివాళ్లు ఇంకా ఉన్నారు. 1986 ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో జో జాన్సన్ మీద పందెం రేటు 150కి 1. ఆ పోటీ జరిగే షెఫీల్డ్ క్రూసిబుల్ థియేటర్‌లో అంతకు ముందు ఒక్క మ్యాచ్ కూడా నెగ్గలేదు. అలాంటివాడు ఫైనల్లో స్టీవ్ డేవిస్‌ని 18-12తో ఓడించాడు. షాన్ మర్ఫీ 2005లో క్వాలిఫయింగ్ ఆడి వచ్చి అదే టైటిల్ పట్టుకుపోయాడు. ఐదు ఫ్రేములు గెలిస్తే చాలనే ఫైనల్లో అదృష్టం అనొచ్చేమో గానీ, పద్దెనిమిది గెలవాల్సిన చోట ఆ మాట చెల్లదు. ఎవరూ చూడని బల్లల మీద ఏళ్ల తరబడి అరిగిపోయిన చేతులవి. వాళ్లంటే నాకు ప్రాణం.

అయినా నోరు ఊరుకుంటుందా? 2017లో ఇండియన్ ఓపెన్ విశాఖపట్నం వచ్చింది, మెక్‌గిల్ మళ్లీ ఫైనల్ చేరాడు. నేనే పెంచి పెద్దచేసినట్టు అతని వైపు మాట్లాడాను. నాలుగుసార్లు ప్రపంచ ఛాంపియన్ జాన్ హిగ్గిన్స్ 5-1తో గెలిచాడు. నేను వదిలేసిన విల్సనేమో 2024లో ప్రపంచ ఛాంపియనే అయ్యాడు.

2025 ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్లో యాభై ఏళ్ల మార్క్ విలియమ్స్ ఎదుట, క్వాలిఫయింగ్ నుంచి అమెచ్యూర్‌గా వచ్చిన జావో షింటోంగ్. అనుభవానిదే గెలుపని చెప్పాను. జావో 18-12తో నెగ్గి చైనాకు తొలి ప్రపంచ టైటిల్ తెచ్చాడు. నా జోస్యం సంగతి మరిచిపోయి లేచి చప్పట్లు కొట్టాను.