శుక్రవారం ఆఖరి పీరియడు

మా మనవరాలు ఎనిమిదో తరగతి. మొన్న పర్యావరణం ప్రాజెక్టు చేసుకొచ్చి చూపించింది. థర్మాకోల్ అట్ట మీద ప్లాస్టిక్ ఆకుల చెట్టు, కింద స్కెచ్ పెన్నుతో 'చెట్లను కాపాడుదాం' అని రాత. బడిలో పదికి పది వేశారు. "ఏం చెట్టమ్మా ఇది?" అన్నాను. "చెట్టు, తాతయ్యా" అంది. పిల్లను ఏమనగలను? చింతో, రావో, కానుగో చెప్పవలసిన అవసరం ఆ పాఠంలో ఎక్కడా రాలేదు.

మా రోజుల్లో పర్యావరణం అనే సబ్జెక్టు లేదు. ఆ మాటే వినలేదు మేం. శుక్రవారం ఆఖరి పీరియడులో మా తెలుగు మాస్టారు ఉపవాచకాన్ని కూడా పక్కన పెట్టి, లైబ్రరీ నుంచి తెచ్చిన 'వనవాసి' తీసేవారు. బిభూతిభూషణ్ బందోపాధ్యాయ బెంగాలీ నవల 'ఆరణ్యక్'కు సూరంపూడి సీతారాం గారి అనువాదం. కలకత్తాలో ఉద్యోగం దొరకని సత్యచరణ్ బీహారు అడవుల్లో ఎస్టేటు మేనేజరుగా వెళతాడు. మొదట్లో అక్కడ ఉండలేక తిరిగి వెళ్లిపోదామనుకుంటాడు. తర్వాత వెన్నెల రాత్రుల్లో గుర్రమెక్కి తిరుగుతూ ఆ అడవికి వశమైపోతాడు. అయితే అతను జీతం తీసుకునేది ఆ అడవిని ముక్కలు కోసి రైతులకు పంచడానికే. ఆ పని పూర్తి చేసే వెళతాడు కూడా.

మాస్టారు పుస్తకం మూశాక కట్టెల అడితి వాళ్లబ్బాయి లేచి, "సత్యచరణ్‌ది తప్పా మాస్టారూ? ఉద్యోగం కదా!" అన్నాడు. వాడి గొంతు వణకడం నాకింకా గుర్తుంది. తప్పేనన్నాం మేం కొందరం. అప్పుడు పాలేరు కొడుకొకడు, "మరి నేల లేనోళ్లు ఏం తినాలి? ఆ కుంతకి నేలిచ్చాడుగా" అని ఎదురుతిరిగాడు. కుంత నవలలో ఒక దిక్కులేని వితంతువు. మేనేజరు తిని వదిలిన మెతుకుల కోసం చలిలో నిలబడి ఉంటుంది. ఆమె బిడ్డలకు అన్నం పుట్టాలంటే ఎక్కడో అడవి కూలాలి. ఈ చిక్కుకు మాస్టారు జవాబు చెప్పలేదు. గంట కొట్టినా మేం లేవలేదు.

అదే నవలలో యుగళప్రసాద్ ఉన్నాడు. దూరాల నుంచి పూలమొక్కలు, విత్తనాలు తెచ్చి తనది కాని అడవిలో నాటుతూ తిరుగుతాడు. పైసా లాభం లేదు. మాలో ముగ్గురం ఆ వేసవిలో చెరువుగట్టు మీద కానుగ గింజలు పాతాం. మమ్మల్ని ఎవరూ పాతమనలేదు, మార్కులూ వేయలేదు.

1991లో సుప్రీంకోర్టు న్యాయవాది ఎం.సి. మెహతా గారు వేసిన కేసులో పర్యావరణాన్ని చదువులో తప్పనిసరి చేయమంది. మంచి తీర్పు, దాన్ని తప్పుపట్టను. దాన్ని అమలు చేసిన తీరే నన్ను బాధిస్తుంది. డిగ్రీలో ఆ పేపరు వచ్చాక, తెలుగు లెక్చరరునైన నాకూ దాన్ని చెప్పే పని, దిద్దే పని పడ్డాయి. అరవై పేపర్లలో అరవైసార్లు గైడులోని ఒకే వాక్యం. కాలుష్య కారణాలు ఐదు, నివారణోపాయాలు ఐదు. ఏ జవాబులోనూ వాళ్ల ఊరి చెరువు పేరు లేదు, వాళ్ల బావి ఎండిన సంగతి లేదు. 'మానవుడు అడవులను నరుకుచున్నాడు' అని రాశారు. ఆ మానవుడెవరో ఎక్కడి నుంచి వచ్చాడో! సత్యచరణ్‌ను చదివినవాడు అలా రాయలేడు. గొడ్డలికి అనుమతి పత్రం రాసిన చెయ్యి తనదీ కావచ్చని వాడికి తెలుసు.

ఒక ఏడాది ఆ క్లాసులో కేశవరెడ్డి గారి 'అతడు అడవిని జయించాడు' చదవడం మొదలుపెట్టాను. పందులు కాచుకునే ముసలివాడొకడు, అడవిలో ఈనిన పందిని వెతుక్కుంటూ పోయిన రాత్రి కథ. అది వాడు పెంచిన పందే. పిల్లల్ని పెట్టుకున్నాక నక్కల్నే కాదు, వాణ్నీ దగ్గరికి రానివ్వదు. ఎప్పుడూ వెనకబెంచీలో నిద్రపోయే కుర్రాడు, "దానికి వీడు కూడా నక్కలాంటోడే కదండీ" అన్నాడు. పేజీలకు పేజీలు నోట్సు చెప్పినా ఆ మాట రాబట్టలేకపోయేవాణ్ని. మూడో వారం పైనుంచి కబురొచ్చింది, సిలబస్‌లో లేనిది చెప్పొద్దని. ఆపేశాను. అలా ఆపినందుకు ఇప్పటికీ బాధే.

తెలుగు మాస్టార్లూ, టీచరమ్మలూ, వారానికొక్క పీరియడు ఇవ్వండి. నవల తీసి పైకి చదవండి, చివర ప్రశ్నలు ఇవ్వకండి. మా మనవరాలికి ఈ ఆదివారం నుంచి నేనే 'వనవాసి' చదువుతున్నాను. మొదటి అధ్యాయం అయింది.