సిమెంటు మనది, మేస్త్రీ ఎవరు?

జగ్గయ్యపేటలో సిమెంటుకు లోటేముంది? జయంతిపురంలో రామ్‌కో, ముక్త్యాలలో కేసీపీ. బస్తాలు లారీలెక్కి 65వ నంబరు జాతీయ రహదారి మీద పరుగులు తీస్తూనే ఉంటాయి. నందిగామ అవతల, కృష్ణ దాటితే అమరావతి పనులు. ఇక మన కుర్రాళ్లకు చేతినిండా పనే అనుకుంటాం కదూ! తీరా చూస్తే సెంట్రింగ్‌కూ, ఊచలు వంచడానికీ బీహార్, ఒడిశా, బెంగాల్ నుంచి కూలీలు రైళ్లు దిగుతున్నారు.

మనవాడి చేతిలో ఏముంది? లామినేషన్ చేయించిన సర్టిఫికెట్టు. 2015లో వచ్చిన నైపుణ్య శిక్షణ పథకం కౌశల్ వికాస్ యోజనలో స్వల్పకాలిక శిక్షణంటే ఒకప్పుడు 150 నుంచి 300 గంటలే. ప్రొజెక్టర్ తెర మీద గోడ నిట్టనిలువుగానే లేచింది పాపం. కాంట్రాక్టరు మాత్రం పాతకాలం మనిషి. "తూకం గుండు వేసి చూపించు బాబూ" అన్నాడు. మనవాడు ఫోన్‌లో గుండు ఫొటో చూపించాడట!

కట్టడం ఖర్చులో నూటికో రూపాయి కార్మికుల సంక్షేమానికి సెస్సు కట్టాలని 1996లోనే చట్టం వచ్చింది. ఆ డబ్బుతో నాలుగు ఇటుకలు కొని, శిక్షణకొచ్చిన పిల్లల చేత నిజం గోడ కట్టించండి, వంకరపోతే పడగొట్టించి మళ్లీ కట్టించండి. బ్యాచ్ మొదలెట్టే ముందు ఊళ్లో మేస్త్రీలనూ, బిల్డర్లనూ పిలిచి ఎవరు కావాలో అడగండి సార్లూ, టీ ఖర్చు మేం పెట్టుకుంటాం.